గొంతులో ట్యూబు, దాని చివర చిన్న బుడగ: ఐసీయూలో మనవాళ్లుంటే ఈ ఒక్క అంకె అడగండి

ఐసీయూ బయట బెంచీ మీద నాలుగు రోజులు కూర్చున్న వాళ్లకి చాలా అంకెలు నోటికి వచ్చేస్తాయి. అబ్బాకి బీపీ ఎంత, షుగర్ ఎంత, ఆక్సిజన్ 94 ఉందా 97 ఉందా, యూరిన్ ఎంత వచ్చింది, ఇవన్నీ ఫోన్లో చుట్టాలకి గడగడా చెప్పేస్తాం. కానీ వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటుకి సంబంధించి ఇంకో అంకె ఉంది. దాని గురించి బయట కూర్చున్న వాళ్లెవరూ అడగరు, ఎందుకంటే అలాంటిదొకటి ఉందని మనకి తెలియదు. గొంతులో వేసిన ట్యూబు చివర ఒక చిన్న గాలి బుడగ ఉంటుంది. దాన్ని కఫ్ అంటారు. ఆ బుడగలో గాలి ఎంత గట్టిగా ఉందో చెప్పేదే ఆ అంకె. అది 20కీ 30కీ మధ్యలో ఉండాలి.

తక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నోటి ఉమ్మి దిగుతుంది, న్యుమోనియా వస్తుంది. ఎక్కువైతే శ్వాసనాళం లోపలి పొర నలిగి పుండు పడుతుంది. ఆ పుండు మానేటప్పుడు దారి ఇరుకై, మనిషి ఇంటికొచ్చిన కొన్ని వారాలకి ఊపిరాడక మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తాల్సి రావచ్చు. రెండూ చాలావరకు ఆపగలిగేవే. ఆపడానికి కావలసింది ఖరీదైన మందు కాదు, షిఫ్టుకోసారి ఒక నిమిషం పని. అందుకే పెడన, బందరు, గుడివాడ, దివిసీమ వైపు ఉన్న మన కుటుంబాలు దీన్ని తెలుసుకోవడం మంచిది.

అసలు ట్యూబు ఎందుకు వేస్తారు?

మన ప్రాంతంలో మనిషి వెంటిలేటర్ దాకా వెళ్లే దారులు మనకి తెలిసినవే. పొలంలో పాముకాటు. పురుగుమందు ఒంట్లోకి పోవడం. హైవే మీద బైకు పడి తలకి దెబ్బ. పక్షవాతం. ఏళ్ల తరబడి బీడీ, పొగ వల్ల పాడైన ఊపిరితిత్తులు. పెద్ద ఆపరేషన్. కోవిడ్ రోజులైతే ఎవరూ మర్చిపోలేదు.

పాముకాటునే తీసుకోండి. 2018 ఆగస్టులో దివిసీమలో, అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు వరసగా జరిగి రాష్ట్రమంతా వార్తయింది. పాముల్లో రక్తపింజర విషం ముఖ్యంగా రక్తాన్నీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. తాచు, కట్లపాము విషం నరాల మీద పని చేస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. గుండె బాగానే ఉంటుంది, మెదడు బాగానే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆడదు. అలాంటప్పుడు విషానికి విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు కొన్ని రోజులు మెషీన్ ఊపిరి పోస్తే మనిషి పూర్తిగా లేచి నడిచి ఇంటికి వెళ్లగలడు.

"వెంటిలేటర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టే" అని మనవాళ్లు అనుకోవడం అందుకే తప్పు. చాలామందికి అది కొన్ని రోజుల చేయూత మాత్రమే. అయితే అలా బతికి బయటపడే మనిషికే గొంతు దెబ్బ తగలకుండా చూసుకోవడం ఎక్కువ అవసరం. ఎందుకంటే ఆయన ముందు ఇంకా ముప్ఫై నలభై ఏళ్ల జీవితం ఉంటుంది.

బుడగ పని ఏమిటి?

ట్యూబు మెత్తటి ప్లాస్టిక్‌ది. పెద్దవాళ్లకి మామూలుగా లోపలి వెడల్పు 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండేది వేస్తారు. నోట్లోంచి, స్వరపేటిక మధ్యనుంచి శ్వాసనాళంలోకి దింపుతారు. శ్వాసనాళం ట్యూబు కంటే వెడల్పు, కాబట్టి చుట్టూ ఖాళీ ఉంటుంది. మెషీన్ గాలి తోస్తే ఆ ఖాళీలోంచి పైకి తన్నుకొచ్చేస్తుంది, ఊపిరితిత్తులకి అందదు. అందుకని ట్యూబు కింది చివర చుట్టూ సైకిల్ ట్యూబు లాంటి పల్చటి బుడగ పెట్టారు. బయటి నుంచి సిరంజితో గాలి ఎక్కిస్తే అది ఉబ్బి చుట్టూ ఉన్న ఖాళీని మూస్తుంది.

దీనికి రెండు పనులు. ఒకటి, మెషీన్ ఇచ్చే గాలి బయటికి పోకుండా ఆపడం. రెండు, నోట్లో ఊరే ఉమ్మి, కడుపులోంచి పైకొచ్చే పులుపు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారకుండా అడ్డుగా నిలబడడం. ట్యూబు కదలకుండా పట్టుకోవడం దీని పని కాదు. ఆ పని పెదాల దగ్గర కట్టే టేపుది. "ట్యూబు జారుతోంది, బుడగలో ఇంకాస్త గాలి కొట్టండి" అనేది సరైన మందు కాదన్నమాట.

మీరు లోపలికి వెళ్లి చూసినప్పుడు పేషెంటు నోటి పక్కన సన్నటి గొట్టం, దాని చివర వేలెడంత చిన్న బెలూన్ వేలాడుతూ కనిపిస్తుంది. దాన్ని పైలట్ బెలూన్ అంటారు. లోపలి బుడగకీ దీనికీ ఒకే గాలి. లోపలిది మనకి కనపడదు కాబట్టి బయటిది దాని జాడ చెప్తుంది.

మెడకి చిన్న రంధ్రం చేసి వేసే ట్రకియాస్టమీ ట్యూబుకి కూడా ఇలాంటి బుడగే ఉంటుంది. ఎక్కువ రోజులు మెషీన్ అవసరమయ్యే వాళ్లకి అది వేస్తారు. దానికీ ఇవే లెక్కలు.

20 నుంచి 30 అంటే ఎంత?

ఈ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటితో కొలుస్తారు. ఒక సన్నటి గొట్టాన్ని నిలబెట్టి అందులో 25 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోస్తే అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత. అంటే ఇంచుమించు జానెడు నీళ్ల బరువు. మనం సైకిల్ టైరుకి, బైకు టైరుకి గాలి కొట్టించేటప్పుడు చెప్పే పీఎస్ఐ లెక్కలో చూస్తే 30 సెంటీమీటర్ల నీరు అర పీఎస్ఐ కూడా కాదు. అంత సున్నితమైన కొలత ఇది. సిరంజి మీద బొటనవేలు కాస్త గట్టిగా నొక్కితే చాలు, హద్దు దాటిపోతుంది.

ఈ 30 అనే హద్దు ఎక్కణ్ణుంచి వచ్చింది? శ్వాసనాళం లోపలి పొరకి సన్నటి రక్తనాళాలు ఉంటాయి. బుడగ బయటికి తోసే ఒత్తిడి ఆ నాళాల్లో రక్తం పారే ఒత్తిడిని మించితే అక్కడికి రక్తం అందదు. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు 40 మంది ఆపరేషన్ పేషెంట్ల శ్వాసనాళాన్ని లోపలినుంచి చూసి ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఒత్తిడి 30 దాటితే పొరకి రక్తం తగ్గడం, 50 దగ్గరికి వచ్చేసరికి నాళపు రింగుల మీద పూర్తిగా ఆగిపోవడం వాళ్లు గమనించారు. 30 దాటకూడదన్న సలహా అక్కడినుంచి గట్టిపడింది. 20 కంటే తగ్గితే కారే ప్రమాదం పెరుగుతుందని ఇతర పరిశోధనలు చూపించాయి. అలా రెండు వైపులా గట్లు పడ్డాయి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. బీపీ బాగా పడిపోయిన పేషెంటుకి లోపలి పొరకి అందే రక్తమే తక్కువ. అలాంటి వాళ్లకి మామూలు ఒత్తిడి కూడా నొప్పించవచ్చు. అంటే ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో వాళ్లకే ఈ జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

వదులైతే ఏమవుతుంది?

స్పృహలో లేని మనిషి ఉమ్మి మింగలేడు. అదంతా గొంతులో, బుడగ పైన, గుంటలో నీళ్లు నిలిచినట్టు నిలుస్తుంది. రోజులు గడిచేకొద్దీ అందులో క్రిములు పెరుగుతాయి. బుడగ వదులైతే ఆ మురికి నీరు చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. కొన్ని రోజులకి జ్వరం, ఛాతీలో గళ్ల, ఎక్స్‌రేలో తెల్లమచ్చ. దీన్నే వెంటిలేటర్ న్యుమోనియా అంటారు. ఐసీయూలో పెరిగే క్రిములు మొండివి, మామూలు యాంటీబయాటిక్‌లకి లొంగవు. ఆసుపత్రి రోజులు పెరుగుతాయి, బిల్లు పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

బాగా వదులైతే బయటికే తెలుస్తుంది. నోట్లోంచి గురగుర శబ్దం వస్తుంది, మెషీన్ పంపిన గాలి తిరిగి రాలేదని అలారం మోగుతుంది, ట్యూబు ఉండగానే పేషెంటు గొంతులోంచి మాట లాంటి శబ్దం వినపడుతుంది. కొంచెం వదులైతే మాత్రం ఏ అలారమూ మోగదు, ఉమ్మి నిశ్శబ్దంగా దిగుతూనే ఉంటుంది.

బుడగ సరిగ్గా ఉన్నంత మాత్రాన న్యుమోనియా రాదని కాదు. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, బుడగ పైన నిలిచిన ఉమ్మిని పీల్చేయడం, మత్తు వీలైనంత తగ్గించి త్వరగా ట్యూబు తీసేయడం, ఇవన్నీ కలిసి పని చేస్తాయి. అందులో ఇది ఒకటి.

గట్టిదైతే ఏమవుతుంది?

ఒక వేలికి దారం గట్టిగా చుట్టి ఉంచండి. కాసేపటికి వేలు తెల్లబడుతుంది. విప్పేస్తే మళ్లీ ఎర్రబడుతుంది. కానీ రెండు రోజులు విప్పకపోతే? శ్వాసనాళం లోపల జరిగేది అదే. పొరకి రక్తం అందక పుండు పడుతుంది. కింద ఉన్న మెత్తటి ఎముక రింగులు బయటపడి బలహీనమవుతాయి. మరీ ముదిరితే శ్వాసనాళానికీ వెనకే ఉన్న ఆహారనాళానికీ మధ్య గోడకి చిల్లు పడి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే పరిస్థితి వస్తుంది. ఇది అరుదు, కానీ వస్తే చాలా కష్టం.

ఎక్కువగా చూసేది మచ్చ కట్టి ఇరుకైపోవడం. కాలిన గాయం మానాక చర్మం ముడుచుకుపోయినట్టే లోపలి పుండు కూడా మానుతూ ముడుచుకుంటుంది. ట్యూబు తీసిన రోజు మనిషి బాగానే ఉంటాడు. డిశ్చార్జి అవుతాడు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత, మెట్లెక్కితే ఆయాసం మొదలవుతుంది. దాని సంగతి చివర్లో మళ్లీ చెప్తాను.

ఈ బుడగకీ ఒక చరిత్ర ఉంది

ట్యూబుకి రబ్బరు బుడగ తొడిగే పద్ధతిని అమెరికాలో ఆర్థర్ గ్యూడెల్, రాల్ఫ్ వాటర్స్ అనే మత్తు డాక్టర్లు 1928లో ప్రకటించారు. బుడగ నిజంగా దారిని మూస్తుందని నమ్మించడానికి గ్యూడెల్ తన పెంపుడు కుక్కకి మత్తిచ్చి, ట్యూబు వేసి, బుడగ ఉబ్బించి, నీళ్ల తొట్టిలో ముంచి ఉంచేవాడు. బయటికి తీశాక అది లేచి ఒళ్లు దులుపుకుని వెళ్లిపోయేది. ఒక్క చుక్క నీరు కూడా ఊపిరితిత్తుల్లోకి పోలేదన్నమాట.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి ఆడని పిల్లలకి బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరు మెడలో రంధ్రం చేయించి, బుడగ ఉన్న ట్యూబు వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోయించాడు. వందలమంది మెడికల్ విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రీ పగలూ సంచులు నొక్కారు. ఈ రోజు మనం ఐసీయూ అంటున్నది ఆ అనుభవంలోంచే పుట్టింది.

కానీ ఆ రోజుల్లో బుడగలు చిన్నవి, గట్టి రబ్బరువి. దారి మూయాలంటే చాలా ఒత్తిడి పెట్టాల్సి వచ్చేది. రోజుల తరబడి ఉంచిన వాళ్లలో చాలామందికి శ్వాసనాళం పాడైంది. 1969లో అమెరికాలోని బోస్టన్‌లో కూపర్, గ్రిల్లో అనే డాక్టర్లు ఈ గాయానికి కారణం బుడగ ఒత్తిడేనని చూపించారు. ఆ తర్వాతే ఇప్పుడు వాడే పల్చటి, వెడల్పాటి, తక్కువ ఒత్తిడితో దారి మూసే బుడగలు వచ్చాయి. బుడగ మంచిదైంది నిజమే. కానీ మంచి బుడగలో కూడా ఎక్కువ గాలి కొడితే అది పాత బుడగే అవుతుంది.

వేలితో నొక్కి చూస్తే సరిపోదా?

చాలాచోట్ల జరిగేది ఇదే. సిరంజితో గాలి ఎక్కించి, పైలట్ బెలూన్‌ని రెండు వేళ్లతో నొక్కి చూసి, "సరిపోయింది" అంటారు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల వేళ్లు కూడా ఇక్కడ తప్పు చెప్తాయని ఎన్నో దేశాల్లో చేసిన పరీక్షల్లో తేలింది. వేలికి మెత్తగా అనిపించింది గేజ్ పెడితే హద్దు దాటి ఉండడం మామూలు.

పెడనవాళ్లకి దీన్ని ఇంకోలా చెప్పొచ్చు. మన ఊళ్లో కలంకారీ అద్దకం చూడని వాళ్లుండరు. చెక్క బ్లాకుని రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి అరచేత్తో కొడతారు. తేలిగ్గా కొడితే గీత తెగిపోతుంది, మరీ గట్టిగా కొడితే రంగు పక్కకి పాకుతుంది. ఎంత కొట్టాలో ఆ చెయ్యికి తెలుసు. ఏ మీటరూ అక్కర్లేదు. మరి నర్సు వేలికి ఎందుకు తెలియదు? ఎందుకంటే అద్దకం చేసే మనిషికి ప్రతి దెబ్బ ఫలితం అప్పుడే గుడ్డ మీద కనిపిస్తుంది. తప్పు కొడితే ఆ క్షణమే చూసి, తర్వాతి దెబ్బ సరిచేసుకుంటాడు. అలా వేలసార్లు చూసి చూసి చెయ్యి నేర్చుకుంటుంది. బుడగ విషయంలో ఫలితం గొంతు లోపల ఉంటుంది, అది కూడా వారాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి పేషెంటు ఎక్కడో, నర్సు ఎక్కడో. తప్పు కనపడని చోట చెయ్యి నేర్చుకోలేదు. అందుకే అక్కడ మీటరు కావాలి.

ఆ మీటరు పేరు కఫ్ ప్రెషర్ మానోమీటర్. అరచేతిలో పట్టే చిన్న పరికరం, గడియారం లాంటి ముల్లు, సరైన హద్దు ఆకుపచ్చ రంగులో గుర్తు పెట్టి ఉంటుంది. పైలట్ బెలూన్‌కి తగిలించి చూస్తారు, తక్కువైతే బల్బు నొక్కి గాలి ఎక్కిస్తారు, ఎక్కువైతే వదులుతారు. వెంటిలేటర్ ధర ముందు దీని ధర లెక్కలోకి రాదు. తగిలించి తీసేటప్పుడు కూడా కొంచెం గాలి పోతుంది కాబట్టి, అలవాటున్నవాళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే సరిచేస్తారు.

ఒత్తిడిని ఎప్పటికప్పుడు తనంతట తానే సరిచేసే మెషీన్లు కూడా వచ్చాయి. 2011లో ఫ్రాన్స్‌లో ఒక ఆసుపత్రిలో చేసిన పరిశోధనలో వాటివల్ల న్యుమోనియా తగ్గింది. తర్వాత ప్రమాదాల్లో గాయపడిన వాళ్ల మీద చాలా ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధనలో ఆ లాభం కనపడలేదు. కాబట్టి ఆ మెషీన్ లేదని బెంగ పడనక్కర్లేదు. చేతి మీటరు, అది వాడే మనిషి, రాసే చార్టు ఉంటే చాలు.

పెడన నుంచి బందరు, బందరు నుంచి బెజవాడ

బుడగ ఒత్తిడి ఒకసారి సరిచేస్తే అలాగే ఉండిపోదు. గంటలు గడిచేకొద్దీ గాలి నెమ్మదిగా తగ్గుతుంది. తల పక్కకి తిప్పినా, మెడ వంచినా, మనిషిని ఒత్తిగిలించినా మారుతుంది. దగ్గితే పెరుగుతుంది. ఆపరేషన్లో నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడితే అది బుడగలోకి చొరబడి ఒత్తిడి పెంచుతుంది. అందుకే ట్యూబు వేసిన వెంటనే ఒకసారి, తర్వాత కనీసం ప్రతి షిఫ్టులో ఒకసారి, పేషెంటుని కదిపిన ప్రతిసారీ చూడాలంటారు.

ఇప్పుడు మన దారి చూడండి. పెడనలో మనిషి కుప్పకూలితే 108లో పది కిలోమీటర్ల దూరంలో ఉన్న బందరు తీసుకెళ్తాం. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయ్యాక అక్కడి జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. అయినా కొన్ని కేసులని బెజవాడ పంపాల్సి వస్తుంది. అది ఇంకో 70 కిలోమీటర్లు. గుడివాడ నుంచైనా, అవనిగడ్డ నుంచైనా ఇలాంటి ప్రయాణమే. చాలాసార్లు ట్యూబు మొదటి ఆసుపత్రిలో హడావిడిలో పడుతుంది. ప్రాణం నిలబెట్టే ఆ రెండు నిమిషాల్లో సిరంజిలో ఉన్న గాలంతా ఎక్కించేస్తారు. అది తప్పు కాదు, ఆ క్షణంలో చేయాల్సింది అదే. తర్వాత అంబులెన్సులో కుదుపులు, స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చడం. చేరిన చోట ఎవరైనా మీటరు పెట్టి చూస్తే సరే. చూడకపోతే మొదటి సిరంజి ఒత్తిడే రోజుల తరబడి ఉండిపోతుంది.

అందుకే పెద్దాసుపత్రికి చేరాక, పేషెంటు కాస్త కుదుటపడ్డాక, ఒక్క మాట చెప్పండి: "సార్, ట్యూబు ముందు ఆసుపత్రిలో వేశారండి. కఫ్ ప్రెషర్ ఒకసారి చూస్తారా?" ఈ మాటకి ఎవరూ కోప్పడరు. కుటుంబం జాగ్రత్తగా ఉందని అర్థం చేసుకుంటారు.

బయట కూర్చున్నవాళ్లు ఏం చేయొచ్చు?

రోజుకోసారి డాక్టరు మాట్లాడేటప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడకుండా ఇంట్లో ఒక్కరిని పెట్టుకోండి. బడేభాయ్ అయినా, చదువుకున్న చెల్లెలైనా సరే. ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. అడగాల్సినవి నాలుగే:

ట్యూబు ఏ రోజు వేశారు?

కఫ్ ప్రెషర్ ఈ షిఫ్టులో చూశారా, ఎంత ఉంది?

తలవైపు మంచం ఎత్తి ఉందా?

ట్యూబు ఎప్పుడు తీసే అవకాశం ఉంది?

నిలదీసినట్టు కాకుండా, తెలుసుకోవాలన్నట్టు అడగండి. ఐసీయూ సిస్టర్లు ఒక్కొక్కరు ఎంతమందిని చూసుకుంటున్నారో అక్కడ కూర్చున్న మనకి కనపడుతూనే ఉంటుంది. "మీటరు లేదు" అని జవాబొస్తే గొడవ పడకండి. "తెప్పించే వీలుందా మేడమ్" అని డ్యూటీ డాక్టరుని అడగండి. మన సంఘాల్లో ఆసుపత్రులకి వీల్‌చైర్లు, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు ఇచ్చే మంచి మనుషులు చాలామంది ఉన్నారు. ఈసారి ఇచ్చేటప్పుడు ముందు ఆసుపత్రి వాళ్లని అడిగి ఈ చిన్న మీటరు గురించి కూడా ఆలోచించవచ్చు.

చేయకూడనివి రెండున్నాయి. రెండూ ప్రేమతో జరిగేవే.

మొదటిది, నోట్లో నీళ్లు వేయడం. అమ్మీ పెదాలు ఎండిపోయి కనిపిస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. ఇంట్లో దాచుకున్న జమ్‌జమ్ నీళ్లు రెండు చుక్కలు నోట్లో వేయాలని నానీ అంటుంది. ఆ మనసుని తప్పు పట్టలేం. కానీ స్పృహలో లేని మనిషి ఆ చుక్కలు మింగలేదు. అవి గొంతులో బుడగ పైన చేరి, ఉమ్మితో కలిసి, అక్కణ్ణుంచి కిందికి జారే ప్రమాదం ఉంది. వేయాలనిపిస్తే సిస్టర్‌ని అడగండి. దూదినో గాజు గుడ్డనో తడిపి గట్టిగా పిండి పెదాలకి అద్దనిస్తారు. అది చాలు.

రెండోది, తల తిప్పడం. ముఖం కిబ్లా వైపు ఉంటే బాగుండు అని పెద్దవాళ్లకి అనిపించవచ్చు. దిండు సరిచేయాలని మనకే అనిపించవచ్చు. మీ చేత్తో తల, మెడ కదపకండి. తల కదిలితే ట్యూబు లోపల జరుగుతుంది, బుడగ ఒత్తిడి మారుతుంది. మీ కోరిక సిస్టర్‌కి చెప్పండి. వీలైతే వాళ్లే పద్ధతిగా చేసి, తర్వాత ఒత్తిడి చూసుకుంటారు. పైలట్ బెలూన్‌ని కూడా ముట్టుకోవద్దు, పిల్లలు లాగకుండా చూడండి.

ఇంటికొచ్చాక మర్చిపోకూడనిది

ట్యూబు తీశాక కొన్ని రోజులు గొంతు నొప్పి, బొంగురు గొంతు ఉండడం మామూలే. తేనె, గోరువెచ్చటి నీళ్లు తాగుతూ విశ్రాంతి తీసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఊపిరి శబ్దం గురించి. డిశ్చార్జి అయిన కొన్ని వారాలకి, లేదా రెండు మూడు నెలలకి, నడిస్తే ఆయాసం, గాలి లోపలికి తీసుకునేటప్పుడు ఈల లాంటి, కీచుమనే శబ్దం, కఫం బయటికి రాకపోవడం మొదలైతే అది ఆస్తమా కాకపోవచ్చు. శ్వాసనాళం ఇరుకై ఉండవచ్చు. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే ఆయాసం చూసి ఇన్‌హేలర్ రాసి పంపే అవకాశం ఉంది. ఇన్‌హేలర్ ఎంత పీల్చినా ఈ ఇరుకు తెరుచుకోదు. కూర్చున్నప్పుడు కూడా శబ్దం వస్తోందంటే దారి చాలా సన్నబడిందని అర్థం, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు అడగకపోయినా మీరే ముందు చెప్పండి: "మూడు నెలల కింద ఐసీయూలో ఉన్నారండి, ఇన్ని రోజులు గొంతులో ట్యూబు ఉంది." ఆ ఒక్క మాట చాలు, డాక్టరు ఆలోచన సరైన వైపు తిరుగుతుంది. సీటీ స్కాను, బ్రాంకోస్కోపీ అనే కెమెరా గొట్టంతో పరీక్ష చేస్తే విషయం తేలుతుంది. ఇరుకుని బెలూన్‌తో సాగదీయడం, లేజర్‌తో తెరవడం, లోపల స్టెంట్ పెట్టడం, ఇరుకైన ముక్క తీసేసి మళ్లీ కలిపే ఆపరేషన్, ఇలా మార్గాలున్నాయి. త్వరగా తెలిస్తే పని తేలిక.

డిశ్చార్జి రోజున బిల్లుల హడావిడిలో, బండి మాట్లాడుకునే హడావిడిలో సమ్మరీ కాగితం మడిచి సంచిలో పెట్టేస్తాం. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి అందులో ట్యూబు వేసిన తేదీ, తీసిన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రాయించుకోండి. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. మూడు నెలల తర్వాత రాత్రి పూట ఆయాసం వస్తే, డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకి ముందుగా చూపించాల్సిన కాగితం అదే.